గిడుగు రామమూర్తి పంతులుగారు: ఒక విద్యార్థి జీవితం

మహాపురుషుల జీవితచరిత్రలు వ్రాసేవారికి ఒక అలవాటు ఉన్నది. ఆ వ్యక్తి చరమదశలో అందుకొన్న స్థానాన్ని ముందుగా మనస్సులో నిలుపుకొని, బాల్యంనుంచి జరిగిన ప్రతి సంగతినీ దానికి సోపానంగా చూపుతారు. చదివేవారికి ఇది హాయిగానే ఉంటుంది. కాని బ్రతికినవానికి ఆ సోపానాలు అట్లా కనిపించి ఉండవు. గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారి విషయంలో ఈ అలవాటు వల్ల జరిగిన నష్టం కొంచెం ఎక్కువ. వ్యావహారిక భాషోద్యమ పితామహుడన్న మాట ఆయన పేరుకు ముందు స్థిరపడిపోయినందువల్ల, ఏ ఉద్యమానికీ నాయకుడు కాకుండా ఆయన గడిపిన మొదటి నలభైనాలుగు సంవత్సరాలు కేవలం పీఠికగా కుంచించుకొని పోయినవి. ఆ సంవత్సరాలను గ్రంథంలోని భాగంగానే చదివితే వేరొక మనిషి కనిపిస్తాడు. ఆయన ఏ చదువునూ లోకం పెట్టిన గడువులో ముగించలేదు. ముగియలేదు గదా అని ఏ చదువునూ విడిచిపెట్టలేదు.

1863 ఆగస్టు 29న, వంశధారా తీరంలో శ్రీముఖలింగ క్షేత్రానికి సమీపాన ఉన్న పర్వతాలపేటలో ఆయన జన్మించారు. తండ్రి వీర్రాజుగారు రెవిన్యూశాఖలో ఉద్యోగి, తల్లి వెంకమ్మగారు. ఆనాడు ఆ ప్రాంతం గంజాం జిల్లాలోనిది. తండ్రికి చోడవరం బదిలీ అయింది. 1875లో ఆయన అక్కడే జ్వరంతో మరణించారు. పన్నెండేండ్ల బాలుడు విజయనగరంలో బంధువుల ఇంట ఉంటూ మహారాజావారి ఆంగ్ల పాఠశాలలో చేరాడు. గురజాడ అప్పారావుగారు అక్కడ ఆయనకు సహాధ్యాయి. 1879లో మెట్రిక్యులేషను పరీక్షలో ఉత్తీర్ణత, ఆ యేడే వివాహం, మరుసటి సంవత్సరం పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ముప్పది రూపాయల జీతం మీద ఉపాధ్యాయ పదవి. పదునేడేండ్ల వయస్సులో కుటుంబభారం మీదపడిన యువకునికి కళాశాల విద్య అందని ఫలం కావడంలో ఆశ్చర్యం లేదు.

ఇక్కడ రెండు తేదీలను పక్కపక్కన ఉంచి చూడవలసి ఉన్నది. అప్పారావుగారు 1886లో బి.ఏ. పట్టభద్రులైనారు. అదే సంవత్సరంలో రామమూర్తిగారు ప్రైవేటుగా చదివి ఎఫ్.ఏ. పరీక్ష పూర్తిచేశారు. బి.ఏ. పూర్తికావడానికి మరి ఎనిమిదేండ్లు పట్టింది. 1894లో, ముప్పదియొకటవ యేట, చరిత్ర ప్రధానాంశంగా ఉన్నతశ్రేణిలో ఆయన ఆ పట్టాను సంపాదించారు. మెట్రిక్యులేషనుకూ బి.ఏ.కూ నడుమ ఇతరులకు నాలుగేండ్లు చాలుతుంటే ఈయనకు పదునైదేండ్లు కావలసి వచ్చినది. ఉదయం చదువు చెప్పడం, రాత్రి తాను చదువుకోవడం అన్న ఈ పద్ధతి ఆ కాలంలో పేద ఉపాధ్యాయులలో అరుదైన విషయమేమీ కాదు. చాలమంది ఎఫ్.ఏ.తోనే నిలిచిపోయేవారు. నిలిచిపోకపోవడం ఒక విశేషమైతే, పరీక్షకు అవసరంలేని చదువులను ఆ పదునైదేండ్లలోనే ఆరంభించడం అంతకు మించిన విశేషం.

ఆ చదువులలో మొదటిది శాసనాలు. ముఖలింగంలోని మధుకేశ్వర, భీమేశ్వర, సోమేశ్వరాలయాలు ఆయన పుట్టిన ఊరికి దగ్గరివి. మధుకేశ్వరాలయపు గోడలమీదను స్తంభాలమీదను గాంగరాజుల కాలపు దానశాసనాలు విస్తారంగా ఉన్నవి. తరగతిలో చరిత్ర చెప్పే ఉపాధ్యాయుడు తన ఊరి గుడిగోడమీద ఉన్న చరిత్రను చదవలేకపోవడం ఎంత లోపమో ఆయనకు తెలిసినది. గురువు లేడు. లిపిశాస్త్ర గ్రంథాలు తెప్పించుకొని అక్షరమక్షరం పోల్చుకొంటూ నేర్చుకొన్నారు. కళింగ గాంగుల శాసనాలలో లిపి ఒకే తీరున ఉండదు. ఒకే రాగిరేకుమీద నాగరి అక్షరాలూ దక్షిణదేశపు అక్షరాలూ కలగలసి రావడం కద్దు. ఒకే వర్ణానికి రెండు మూడు రూపాలు కనబడతవి. కొత్తగా నేర్చుకొనేవానికి ఇంతకంటె కఠినమైన బడి లేదు. ఆ బడిలో ఆయన ఎంతవరకు పోయినారంటే, వజ్రహస్తుని నడగాం తామ్రశాసనాన్ని, శక సంవత్సరం 979 నాటిదానిని, పరిష్కరించి ఎపిగ్రాఫియా ఇండికా నాలుగవ సంపుటంలో ప్రకటించారు. గాంగుల రాజధాని కళింగనగరం ముఖలింగమేనని ప్రతిపాదించి వాదించిన వారిలో ఆయన ముందువరుసలో ఉన్నారు. కళింగపట్టణమే ఆ నగరమన్న పక్షంకూడ అప్పుడు బలంగానే ఉండెడిది; తరువాతి పరిశోధకులలో పెక్కుమంది ముఖలింగం వైపే మొగ్గు చూపారు.

శాసనపఠనం వలన ఆయనకు మరొక లాభం కలిగింది. అది అప్పటికి లాభమని ఆయనకూ తోచి ఉండదు. పాతకాలపు తెలుగు శాసనాలలో వచనం వ్రాసిన లేఖకులు వ్యాకరణానికి భయపడలేదు. జనం పలికే రూపాలు ఆ రాళ్లమీద వందలయేండ్లుగా నిలిచిఉన్నవి. అరసున్నలూ సంధినియమాలూ తప్పనిసరిగా పాటించవలెనన్న మాట ఆ లేఖకులు వినలేదు. ఈ సాక్ష్యాన్ని పంతులుగారు ఇరవైయేండ్ల తరువాత ఉపయోగించుకొన్నారు. చదివిననాడు అది కేవలం చదువు.

రెండవది సవరభాష. పర్లాకిమిడి చుట్టూ ఉన్న కొండలలో సవరలు నివసిస్తారు. సంతకు దిగివచ్చి, తమ సరకు అమ్ముకొని, సారా వ్యాపారుల చేతిలోను వడ్డీవ్యాపారుల చేతిలోను మోసపోయి తిరిగిపోవడం వారి నిత్యానుభవం. కచ్చేరీలో వారి మాట అర్థం చేసికొనేవారు లేరు. దుబాసీ చెప్పినదే సాక్ష్యం. ఆ భాషకు లిపి లేదు, వ్యాకరణం లేదు, నిఘంటువు లేదు. 1890 ప్రాంతాల పంతులుగారికి ఆ భాష నేర్చుకొని, ఆ భాషలోనే వారికి చదువు చెప్పవలెనన్న కోరిక పుట్టింది. తెలుగూ సవరా రెండూ తెలిసిన ఒక మనిషిని తెచ్చి ఇంట్లోనే ఉంచుకొన్నారు. సదాచార సంపన్నమైన బ్రాహ్మణగృహంలో ఆ రోజులలో ఇది చిన్న సంగతి కాదు. ఇంటివారు ఏమనుకొన్నారో, ఇరుగుపొరుగువారు ఎన్ని మాటలన్నారో ఊహించుకోవచ్చును.

ఈ భాష ఆయనను ఎంత కష్టపెట్టి ఉంటుందో తెలియాలంటే దాని స్వభావం కొంత తెలియవలెను. సవర ద్రావిడభాష కాదు, ఆర్యభాష కాదు, ముండాశాఖకు చెందినది. ఆ శాఖను ఆస్ట్రో ఏషియాటిక్ కుటుంబంలో చేర్చి విల్హెల్మ్ ష్మిట్ పండితుడు ప్రతిపాదించినది 1906లో. గ్రియర్సన్ సంపాదకత్వాన వెలువడిన భాషాసర్వేలో ముండా ద్రావిడభాషల సంపుటంకూడ ఆ సంవత్సరపుదే. అంటే పంతులుగారు పని ఆరంభించేనాటికి, తాను నేర్చుకొంటున్న భాష ఏ కుటుంబపుదో చెప్పగల పుస్తకమైనా ఆయన ముందు సరిగా లేదు. సంస్కృత వ్యాకరణం, తెలుగు వ్యాకరణం, ఇంగ్లీషు వ్యాకరణం అనే మూడు కొలబద్దలు ఆయన వద్ద ఉన్నవి. మూడూ ఈ భాషకు సరిపోవు. గొంతులో గాలిని తటాలున ఆపి విడిచే ఒక ధ్వని సవర పదాలలో తరచుగా వస్తుంది. తెలుగు అక్షరమాలలో దానికి గుర్తు లేదు. తెలుగుచెవికి ఆ ధ్వని మొదట వినిపించనే వినిపించదు. కర్మపదాన్ని కుదించి క్రియలోనే ఇమిడ్చి ఒక్క మాటగా పలకడం సవర వాక్యంలో అతి సహజం; మన వ్యాకరణాల ప్రకారం అది పదమో వాక్యమో తేల్చడం కష్టం. సంఖ్యలుకూడ వేరు. మనం పదివరకు లెక్కించి తిరిగి ఒకటి కలుపుతాము. సవరలు పన్నెండువరకు పోయి, పదమూడును పన్నెండూ ఒకటీ అంటారు. ఇరవై దగ్గర మరల వేరొక మజిలీ. పెరటిలో కూర్చున్న ఒక మనిషి నోటినుంచి ఈ వ్యవస్థను యావత్తు రాబట్టి కాగితంమీద పెట్టడం ఎంతటి పనియో, భాషాశాస్త్రం చదివిన నేటి విద్యార్థులకు చెప్పనక్కరలేదు. అట్టి శిక్షణ అప్పుడు మన దేశంలో ఏ విశ్వవిద్యాలయంలోనూ లేదు.

ఆయన తొందరపడలేదు. ఒక మాట వ్రాసుకోవడం, కొండమీదికి పోయి మరొక ఊరివారి నోట దానినే వినడం, తేడా ఉంటే సరిదిద్దుకోవడం, ఇదే ఏండ్లతరబడి సాగిన పద్ధతి. వాచకాలు, కథలు, పాటలు, పదపట్టికలు తెలుగులిపిలో తయారుచేశారు. సొంత ఖర్చుతో బడులు పెట్టి, ఉపాధ్యాయులకు జీతాలిచ్చి, సవర పిల్లలకు సవరలోనే అక్షరాలు నేర్పించారు. తల్లిభాషలో ప్రాథమికవిద్య అనే సిద్ధాంతాన్ని విద్యావేత్తలు తీర్మానాలుగా వ్రాసుకోవడానికి చాల ముందే, ఒక సామాన్యోపాధ్యాయుడు తన చిన్న జీతంతో దానిని ఆచరణలో పెట్టినాడు. ప్రభుత్వం ఆ సేవను గుర్తించి 1913లో బిరుదు ఇచ్చింది.

ఆ కొండలు ఆయనవద్ద తీసికొన్న మూల్యంకూడ ఉన్నది. మన్యపు జ్వరం ఆయనను వదలలేదు. జ్వరానికి విరివిగా వాడిన క్వినైను వలన వినికిడి దెబ్బతిన్నది. భాష అంటే వ్రాత కాదు, నోటినుంచి వెలువడి చెవికి చేరే ధ్వని అని జీవితాంతం వాదించిన వ్యక్తికి ఆ చెవియే సహకరించకపోయింది. సవర ఉచ్చారణలోని సూక్ష్మభేదాలను తేల్చుకోవడానికి ఆయన చిన్న వయస్సులో వ్రాసిపెట్టుకొన్న కాగితాలమీదను, కుమారుడు సీతాపతిగారివంటి సహాయకుల మీదను ఎక్కువగా ఆధారపడవలసి వచ్చి ఉంటుంది. ఈ విషయాన్ని దైవోపహతిగా చిత్రించి కన్నీరు తెప్పించే వ్రాతలు కొన్ని ఉన్నవి. ఆయన గ్రంథాలలో మాత్రం ఆ ధోరణి కనబడదు. వినబడనిదానిని వినగలవారిచేత విని వ్రాయించి, పని ముందుకు నడిపించారు.

1907లో విద్యాశాఖ పరీక్షాధికారిగా ఉత్తరసర్కారులకు వచ్చిన జె. ఏ. యేట్స్ దొర తెలుగు నేర్చుకోదలచి ఒక చిక్కులో పడ్డాడు. బజారులో వినబడే తెలుగు ఒకటి, బడిపుస్తకంలో కనబడే తెలుగు మరొకటి. ఈ రెంటికీ ఇంత దూరమెందుకని ఆయన అడిగిన ప్రశ్న అప్పారావుగారినీ, విశాఖపట్టణంలో కళాశాల అధ్యక్షులైన పి. టి. శ్రీనివాసయ్యంగారినీ, రామమూర్తిగారినీ ఒకచోట చేర్చింది. అప్పటికి పంతులుగారి వయస్సు నలభైనాలుగు. అంతవరకు తెలుగు వ్రాతభాష గురించి ఆయన లోకంలో ఎన్నదగిన వాదమేదీ చేసినవారు కారు. సవరపిల్లవానికి సవరలో చదువు చెప్పవలెనన్న విషయంలో ఆయనకు సందేహం లేదు. తెలుగు పిల్లవానికి తెలుగులో చదువు చెప్పడం లేదన్న సంగతి ఇతరుడు వచ్చి అడిగినదాకా ఆయన దృష్టికి ప్రశ్నగా రాలేదు. మన దీపంకింది చీకటి మనకు ఆలస్యంగా కనబడుతుందనడానికి ఇంతకంటె మంచి ఉదాహరణ దొరకదు. కనబడినతరువాత ఆయన చేసిన పని మాత్రం ఆలస్యమైనదానికి వడ్డీతోసహా చెల్లించినట్టున్నది.

హెన్రీ స్వీట్, యెస్పర్సన్ మొదలైనవారి గ్రంథాలు తెప్పించి చదివారు. నన్నయనుంచి చిన్నయసూరివరకు తెలుగు వాఙ్మయాన్ని కొత్తకళ్లతో మరల చదివారు. ఈ రెండవ చదువు ఫలితంగా తేలినదేమంటే, 1853లో నీతిచంద్రికతో ప్రచారంలోకి వచ్చిన వచనశైలి ప్రాచీనసంప్రదాయమని పండితులు అనుకొనడం పొరపాటు. వ్యాఖ్యానాలలోను, స్థానిక చరిత్రలలోను, శాసనాలలోను, లేఖలలోను పూర్వులు వాడిన గద్యం వేరే ఉన్నది. ఆ గద్యానికి ఉదాహరణలు కూర్చి గద్యచింతామణి తయారుచేశారు. బాలకవిశరణ్యం, ఆంధ్రపండితభిషక్కుల భాషాభేషజం మొదలైనవి ఈ పోరాటంలో పుట్టిన గ్రంథాలే. 1911లో ముప్పదియేండ్ల సర్వీసు ముగించుకొని ఉద్యోగం విరమించారు. ఉద్యోగ విరమణతో విశ్రాంతి మొదలుకావడం లోకాచారం. ఈయనకు సభలు మొదలైనవి.

ఎదిరిపక్షానికి నాయకులు జయంతి రామయ్యపంతులుగారు. 1911లో స్థాపితమైన ఆంధ్రసాహిత్య పరిషత్తు వారి కోట. రామయ్యపంతులుగారు సామాన్యులు కారు. శాసనపరిశోధనలో వారి కృషి ప్రసిద్ధం. ఒకే రకమైన రాళ్లను చదివిన ఇద్దరు విద్వాంసులు భాషావిషయంలో పూర్తిగా వేరు నిర్ణయాలకు రావడం మన సాహిత్యచరిత్రలో ఒక వింత. పాఠశాలలలో ఆధునికభాషకు మొదట లభించిన అవకాశం ఈ వాదంలో నిలువలేకపోయినది. 1913లో రామమూర్తిగారు ఆధునికాంధ్రాన్ని సమర్థిస్తూ ఇంగ్లీషులో విజ్ఞాపనగ్రంథం ప్రచురించారు; 1914లో అప్పారావుగారు తమ అసమ్మతిపత్రం సమర్పించారు. ప్రభుత్వం వెనుకకు తగ్గింది. 1915 నవంబరు 30న అప్పారావుగారు మరణించారు. బాల్యమిత్రుడు పోయినాడు, ఉద్యమం ఓడినది, తన వయస్సు ఏబదిరెండు. ఇక్కడ ఆగిపోయిఉన్నా ఎవరూ తప్పుపట్టేవారు కారు.

ఈ ఘట్టాన్ని జీవితచరిత్రకారులు సాధారణంగా వేగంగా దాటిపోతారు, తరువాత వచ్చే విజయం దగ్గరికి చేరుకోవాలన్న ఆత్రంతో. 1915నుంచి 1919వరకు ఉన్న నాలుగేండ్లలో విజయం వస్తుందనడానికి ఆధారమేదీ పంతులుగారి చేతిలో లేదు. ఆయన చేతిలో ఉన్నవి పుస్తకాలకట్టలు. ఆ కట్టలు మోయించుకొని ఊరూరూ తిరిగి, సభలలో పుటలు తెరచి చూపి, ఏ కవి ఏ ప్రయోగం ఎక్కడ చేసినాడో వినిపించి తిరిగి వచ్చేవారు. 1919లో రాజమహేంద్రవరంలో వర్తమానాంధ్ర భాషాప్రవర్తక సమాజం ఏర్పడింది. కందుకూరి వీరేశలింగంపంతులుగారు దానికి అధ్యక్షులైనారు. జీవితమంతా గ్రాంథికంలో వ్రాసిన వీరేశలింగంగారు డెబ్బదవ యేట అభిప్రాయం మార్చుకొని ఆ పీఠంమీద కూర్చొనడం ఉద్యమానికి పెద్ద బలం. కాని ఆ మే నెల 27న వారుకూడ మరణించారు. ఆ యేడే రామమూర్తిగారు తెలుగు అనే మాసపత్రిక పెట్టారు. అది ఒక సంవత్సరంకంటె ఎక్కువ నడవలేదు.

వాదంలో పంతులుగారి స్వభావం గురించి ఒక మాట చెప్పవలెను. సవరల దగ్గర ఆయన చూపిన ఓర్పు పండితుల దగ్గర చూపలేదు. గ్రాంథికవాదులు తామే తప్పులు లేకుండ గ్రాంథికం వ్రాయలేరని నిరూపించడం ఆయనకు ఇష్టమైన యుద్ధతంత్రం. పెద్దపెద్ద విద్వాంసుల గ్రంథాలలోనుంచి వ్యాకరణవిరుద్ధ ప్రయోగాలను ఏరి పట్టికలు వేసి ప్రకటించారు. తర్కం నిర్దుష్టమే, చిన్నయసూరి వ్యాకరణాన్ని ఆయనంత బాగా చదివినవారు ఆ పక్షంలోనూ కొద్దిమందే. కాని తప్పులపట్టికలో తన పేరు చూచుకొన్న పండితుడు తర్కాన్ని మెచ్చుకొని పక్షం మారడం అరుదు. ఆయన శైలి మృదువుగా ఉండిఉంటే ఉద్యమం పదేండ్లు ముందుగా ఫలించేదేమోనన్న అభిప్రాయం ఉన్నది. అది సరి అయినదో కాదో తేల్చడానికి వీలులేదు. ఒక లోపం మాత్రం స్పష్టం: కొండమీది మనిషి తప్పు పలికితే తన చెవిని అనుమానించిన శాస్త్రజ్ఞుడు, సభలో ఎదుటివాడు తప్పు పలికితే చెవిని గురించి ఆలోచించలేదు. ఆయన వ్యక్తిత్వంలో సరిపడకుండా మిగిలిన భాగాలలో ఇది ఒకటి. దానిని కప్పిపుచ్చడం వలన ఆయనకు గౌరవం పెరగదు.

వయస్సుతో ఈ వేడి కొంత తగ్గినట్టు కనబడుతుంది. 1924లో పరిషత్తు వ్యావహారికంమీద తన నిషేధాన్ని సడలించింది. 1925లో తణుకులో జరిగిన సభలో పంతులుగారు నాలుగు గంటలసేపు ప్రసంగించారని చెప్పుకొంటారు. అరువదిరెండేండ్ల వృద్ధుడు, పూర్వకావ్యాలనుంచి ప్రయోగాలమీద ప్రయోగాలు ఉదాహరిస్తూ చేసిన ఆ ఉపన్యాసం విని పలువురు మనస్సు మార్చుకొన్నారు. ఇక్కడ ఆయుధం ఎదుటివారి తప్పులపట్టిక కాక పూర్వకవుల ఒప్పులపట్టిక కావడం గమనించదగినది. 1933లో సప్తతిపూర్తి సందర్భంగా తెలికిచెర్ల వెంకటరత్నంగారి పూనికతో వ్యాససంగ్రహం వెలువడింది. మన భాషలో ఒక విద్వాంసునికి పరిశోధన వ్యాసాల సంపుటంతో సత్కారం చేయడం అప్పటికి చాల కొత్త సంగతి.

ఈ రణరంగమంతటికీ వెనుక సవర కాగితాలు పెరుగుతూనే ఉన్నవి. చరిత్రకారులు ఈ రెండు పనులనూ రెండు అధ్యాయాలుగా విడదీస్తారు. ఆయన బల్లమీద అవి ఒకేసారి ఉన్నవి. 1931లో, అరువదియెనిమిదవ యేట, సవరభాషా వ్యాకరణం ఇంగ్లీషులో వెలువడింది. మద్రాసు ప్రభుత్వం దానిని అచ్చువేయించింది. మొదటి సవరమాట వ్రాసుకొన్ననాటికీ ఈ గ్రంథానికీ మధ్య సుమారు నలభైయేండ్లు. అంతకాలం దాచిపెట్టడం సంకోచంవలన జరిగిందా, ద్రవ్యాభావంవలననా, ఉద్యమపు ఒత్తిడివలననా అని అడగవచ్చును; మూడూ కొంతకొంత కారణాలే కావచ్చును. కాని గ్రంథాన్ని చదివినవారికి నాలుగవ కారణంకూడ స్ఫురిస్తుంది. 1890 ప్రాంతాల వ్రాసిఉంటే అది సంస్కృతవ్యాకరణపు మూసలో పోసిన సవర వ్యాకరణం అయిఉండేది. ధ్వనిశాస్త్రం చదువుకొని, తెలుగుభాష విషయంలో పోరాడి, భాషకు లక్షణం దాని వ్యవహారంనుంచే తీయవలెనన్న నిశ్చయానికి వచ్చిన తరువాతగాని ఆ వ్యాకరణం ఆ రూపం పొందడానికి వీలులేదు. తెలుగు పోరాటం సవర పనికి అడ్డువచ్చిందనుకొన్నది నిజానికి దానికి శిక్షణ అయింది. 1934లో కైసర్-ఇ-హింద్ పతకం ఆయనకు లభించింది.

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులో చేరింది. ఆ విభజనను తీవ్రంగా వ్యతిరేకించిన పంతులుగారు ఆ ఊరిలో ఇక ఉండలేమని రాజమహేంద్రవరం చేరుకొన్నారు. పదునేడేండ్ల యువకుడుగా వచ్చి ఏబదియైదేండ్లు గడిపిన ఊరు అది. డెబ్బదిమూడవ యేట ఇల్లు విడిచి, సవరకొండలకు దూరంగా, నిఘంటువు చిత్తుప్రతులతో కొత్తకాపురం. తెలుగుమీది అభిమానమే ఆయనను సవరలనుంచి దూరం చేయడం విధివైపరీత్యం. ఆయన ఉండిపోయిఉంటే సవరభాషకు మేలు జరిగేదనేవారు ఉండవచ్చును; ఆ వాదంలో బలం లేకపోలేదు.

ఆ సంవత్సరం జూన్ నెలలోనే మరొక సంగతి జరిగింది. మంగేయి గొమాంగో అనే సవరవ్యక్తి తన భాషకు సొరంగ్ సోంపెంగ్ అనే స్వతంత్రలిపిని కల్పించాడు. తెలుగులిపిగాని ఒడియాలిపిగాని రోమనులిపిగాని మాకు వద్దు అన్న భావన ఆ కల్పనలో ఉన్నది. తెలుగు అక్షరాలలో సవరవాచకాలు అచ్చువేయించిన పంతులుగారి మార్గానికి అది ఒక విధంగా ప్రత్యాఖ్యానం. కొండవాడు తన భాషను తానే వ్రాసుకోవలెనన్న ఆయన మూలసంకల్పానికి మరొక విధంగా ఫలం. తరువాతి కాలంలో ఆ లిపికి యూనికోడ్‌లోనూ స్థానం లభించింది.

1938లో సవర–ఇంగ్లీషు నిఘంటువు మద్రాసు ప్రభుత్వ ముద్రాలయంనుంచి వెలువడినప్పుడు ఆయనకు డెబ్బదియైదేండ్లు. ఆంధ్రవిశ్వకళాపరిషత్తు ఆ యేడే కళాప్రపూర్ణ బిరుదంతో సత్కరించింది. బడిపుస్తకాలలో మాత్రం భాష ఇంకా మారలేదు. పత్రికలు మారుతున్నవి, తాపీ ధర్మారావుగారి జనవాణి వాడుకభాషలో నడవడం చూచి ఆయన ఆనందించారు. విశ్వవిద్యాలయాలు 1960ల చివరినుంచి క్రమక్రమంగా అంగీకరించినవి. అప్పటికి ఆయన పోయి మూడు దశాబ్దాలు కావస్తున్నది. 1940 జనవరి నెల మధ్యలో, జబ్బుతో ఉండికూడ, పత్రికాసంపాదకులకు వాడుకభాషను గురించి చివరి విజ్ఞప్తి చేశారు. ఆ నెల 22వ తేదీన మరణించారు.

సవరభాష మీద తరువాత పనిచేసినవారికి ఆయన పుస్తకాలే తొలిమెట్టు అయినవి. హెచ్. ఎస్. బిళిగిరి 1965లో సవరక్రియను గురించి వ్రాసిన వ్యాసం, స్టాన్లీ స్టరోస్టా 1967లో సవరవాక్యాన్ని గురించి సమర్పించిన సిద్ధాంతవ్యాసం ఆ పరంపరలోనివి. కొత్త సిద్ధాంతాల వెలుగులో వీరు వేసిన ప్రశ్నలు చాలవరకు పంతులుగారు వేసినవి కావు. ఆ ప్రశ్నలకు జవాబులు వెదకడానికి తగినన్ని సవరవాక్యాలు మాత్రం ఆయన పుటలలో సిద్ధంగా ఉన్నవి.